కమిలింది తొడుగేనా?

మోటారు సైకిలుకి తగిలించిన ప్లాస్టిక్ తొడుగు సైలెన్సరు వేడికి కమిలిందనుకోండి, ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. తండ్రి కళ్ళజోడు తుడుచుకుని మరీ వొంగి చూస్తాడు. కొడుకు ఆ పూట అన్నం సరిగా తినడు. అదే సైలెన్సరుకి ఆడపిల్ల పిక్క తగిలి చర్మం వూడివస్తే మాత్రం, "చూసుకుని దిగొద్దుటే?" అంటారు. ఈ రెండు మాటలకీ మధ్య వున్న తేడా చూస్తేనే నాకు వొళ్ళు మండుతుంది.

"బళ్ళూ సైలెన్సర్లూ మగవాళ్ళ సంగతులు, నీకెందుకోయ్?" అన్నారు మావారు, దీని మీద రాస్తున్నానని తెలిసి. ఎందుకేమిటి? పొద్దున్న లేచింది మొదలు వేడితో కాపరం చేసేది ఎవరు? పాలు ఎప్పుడు పొంగుతాయో గిన్నెకేసి చూడకుండా చెప్పగలిగేది ఎవరు? కుక్కరు పిడికీ కుక్కరుకీ మధ్య ఆ కాస్త ఇనప ముక్క ఎందుకుందో, పిడి నేరుగా మంటకి తగిలితే ఎలా మాడి కంపుకొడుతుందో ఏ పుస్తకంలోనూ చదవకుండా తెలుసుకున్నవాళ్ళం మనం. లక్షలు పోసి కొన్న బండి విషయంలో ఇంజనీరింగు చదివిన కొడుక్కి తట్టనిది మనకి తట్టిందంటే అందులో వింతేమీ లేదు.

ముందు ఆ తొడుగంటే ఏమిటో చెబుతాను. మీ ఇంట్లో ఈ రకం బండి లేకపోతే తెలిసే అవకాశం లేదు. కుర్రాళ్ళు దీన్ని ఫేరింగు అంటారు. మెకానిక్కులు కౌలు అంటారు. (మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, బండికి కౌలేమిటి, పొలమా చేనా అనుకున్నాను.) ముందు దీపం దగ్గర్నుంచి ఇంజను కిందిదాకా ఇటూ అటూ చేప వొంటిలాగా నున్నగా వొంపు తిరిగిన ప్లాస్టిక్ పలకలన్నమాట. గాలిని చీల్చుకుంటూ పోవడానికని పందెం బళ్ళకి పెట్టడం మొదలెట్టారు. 1950లలో పై దేశాల్లో ముందు చక్రాన్ని కూడా మూసేసేంత పెద్ద తొడుగులు చేశారు. పక్కగాలి కొట్టిందంటే బండిని పక్కకి లాగేస్తోందని ఆ దశాబ్దం చివర్లో పందాల్లో వాటిని నిషేధించారు. మన దేశంలో 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మాకి సగం తొడుగు, 2008లో వచ్చిన యమహా ఆర్ 15కి నిలువెల్లా తొడుగు. అక్కణ్ణించీ కుర్రకారు చూపు మామూలు బండి మీద ఆనడం మానేసింది.

సరే, గాలిని చీల్చడానికి చేసిన తొడుగు మా చాదర్‌ఘాట్‌లో దేన్ని చీలుస్తుంది చెప్పండి?

మూసీ మీద 1831లో వంతెన కట్టిన చోటు మాది. ఇటు కోఠి, అటు మలక్‌పేట, మధ్యలో మేము. 2018 నుంచి మలక్‌పేట మీదుగా మెట్రో రైలు కూడా నడుస్తోంది గానీ, కింద రోడ్డు మీద రద్దీ ఏమీ తగ్గినట్టు నాకు కనిపించదు. సాయంకాలం ఆరింటికి పుత్లీబౌలీ నుంచి వంతెన దాకా బండి మీద వచ్చే కుర్రాణ్ణి, బడీచౌడీలో కూరలు కొనుక్కుని సంచీ మోసుకుంటూ నడిచివచ్చే నేను దాటిపోయిన రోజులు వున్నాయి. ఆ కుర్రాడి బండి మాత్రం గంటకి నూట ముప్ఫై కిలోమీటర్లు పోవడానికి చేసింది. పెళ్ళికని కుట్టించుకున్న కోటు వేసుకుని రేషను కొట్టు ముందు నిలబడ్డట్టుంటుంది పాపం.

ఇందులో నవ్వులాటకి మించిన సంగతి వుంది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి ఇంజనునీ పైపునీ చల్లబరుస్తుంది. నిలిచిపోయిందా, ఆ గాలి వుండదు. ఇంజను మాత్రం కొట్టుకుంటూనే వుంటుంది. తొడుగు లోపల వేడి, మూత పెట్టిన మూకుట్లోలాగా మగ్గుతుంది. ఇంజనులోంచి బయటపడే పొగ ఆరేడు వందల డిగ్రీలు వుంటుంది. ఆ పొగని మోసుకుపోయే బెండు పైపు పైభాగం మూడు వందల డిగ్రీలు వుండడం మామూలే. మనం గారెలు వేసే నూనె నూట ఎనభై దగ్గర వుంటుంది, గుర్తుంచుకోండి. ఇక ఆ తొడుగు చేసే ఏ.బి.ఎస్. అనే ప్లాస్టిక్కో, నీళ్ళు మరిగే వేడి దగ్గరికి వచ్చేసరికి, అంటే వంద డిగ్రీలకి అటూ ఇటూగా, మెత్తబడడం మొదలెడుతుంది. లెక్క మీరే వేసుకోండి.

దీనికితోడు 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాయి. కొత్త బళ్ళలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టరు అనే సాధనం వుంటుంది. అది రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే గానీ తన పని మొదలుపెట్టదు. అంచేత దాన్ని ఇంజనుకి దగ్గరగా పెడుతున్నారు. వూరి గాలికి మంచిదే, కాదనను. అయితే ఈ వేడంతా బండి చేసినవాళ్ళు ముందే లెక్కగట్టి, పైపుకీ పలకకీ మధ్య ఇంత ఖాళీ, ఇక్కడో రేకు, అక్కడో రబ్బరు బుష్షు అని అమర్చి మరీ ఇస్తారు. ఆ అమరికని చెడగొట్టేది మన ఇళ్ళల్లో పుట్టిన సుపుత్రులు.

మా సుపుత్రుడూ అదే చేశాడు. కొన్న ఆరు నెలలకి కంపెనీ సైలెన్సరు విప్పించి, పెద్దపులి గాండ్రించినట్టు చప్పుడు చేసేది ఇంకోటి బిగించుకొచ్చాడు. వాడు సందు మొదట్లో వుండగానే పక్కింటి పిన్నిగారి మనవడు నిద్రలోంచి లేచి గుక్కపట్టేవాడు. సైలెన్సరు అంటే నిశ్శబ్దం చేసేది అని అర్థం గదా, మరి దీన్ని ఏమనాలిరా అని అడిగితే సమాధానం లేదు. మూడో వారానికల్లా కుడిపక్క కింది పలక మీద దోసె మీద లేచినట్టు బుడగలు లేచాయి. ఎర్రరంగు ఇటిక పొడి రంగుకి తిరిగింది. పలక అంచు వొంకరపోయి లోపలికి ముడుచుకుంది. కొత్త పలక ఖరీదెంతో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. వాళ్ళ నాన్నగారికి ఒక లెక్క చెప్పాడు, నాకు ఇంకో లెక్క.

వాడు చేసిన మొదటి పని వెండిరంగు రేకు స్టిక్కరు కొనుక్కురావడం. "వేడి దీన్ని దాటి రాదమ్మా" అన్నాడు. కొట్టువాడు చెప్పాడుట. పలక లోపలివైపు అతికించాడు. ఒక వాన, ఒక బురద, కాస్త ఇంజను నూనె. రేకు మెరుపంతా పోయి మసిపట్టిన చిమ్నీలా తయారైంది. జిగురు కరిగి ఒక మూల వూడి, పైపు మీద పడి, వీధి చివరిదాకా కంపు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. రేకు పనికిరాదని అనను. మెరిసే అల్యూమినియం తన మీద పడ్డ వేడి కిరణాల్లో నూటికి తొంభై పాళ్ళు తిప్పికొడుతుంది. కాని మెరుస్తున్నంతసేపే. పైగా రేకు ముందు కాస్త గాలి ఆడే చోటు వుండాలి. పైపుకి ఆనుకున్న పలకకి రేకు అతికించడమంటే చెయ్యి పొయ్యిలోంచి తీయకుండా మసిగుడ్డ చుట్టుకోవడమే.

ఇంకో మెకానిక్కు అసలు పైపుకే గాజుపీచు పట్టీ చుట్టేద్దాం, వేడి బయటికే రాదు అన్నాడు. రాదు, నిజమే. వాన తడి కూడా బయటికి పోదు. మన హైదరాబాదు వానలకి ఆ పట్టీ తడిసి, తడి లోపలే నిలిచి, ఇనప పైపుని తుప్పు తినేస్తుంది. ఇదివరకటి రోజుల్లో ఇదే పనికి ఆస్బెస్టాస్ తాడు వాడేవారు. ఆ పీచు వూపిరితిత్తుల్లోకి పోతే కాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో అటక మీద మామగారి కాలంనాటి చుట్ట ఏదైనా పడివుంటే, దయచేసి పొదుపుకి పోయి దాన్ని విప్పి దులపకండి.

చివరికి నాంపల్లి వైపునుంచి ఒక ముసలి మెకానిక్కుని పిలిపించారు మావారు. ఆయన బండి కేసి రెండు నిముషాలు చూసి, మావాడితో ఒక్క ముక్క మాట్లాడకుండా నాతో అన్నాడు: "అమ్మాజీ, పహలే హవా, బాద్ మే పత్రా." ముందు గాలి, తర్వాతే రేకు. ఈ విద్యంతా ఆ నాలుగు మాటల్లో వుంది. పలక విప్పి చూస్తే ఏముంది? సైలెన్సరు మార్చినవాడు పలకని బిగించే బోల్టు కింద వుండాల్సిన ఇత్తడి గొట్టం ముక్క పెట్టలేదు. రబ్బరు బుష్షు నలిగిపోయింది. దాంతో పలక వేలెడు లోపలికి జరిగి పైపు పక్కన కూచుంది. ఇంజనుకీ పైపుకీ అతుకు దగ్గర గాస్కెట్టు కూడా సరిగా పడక, నల్లటి మసి చారలు కట్టి వున్నాయి. అంటే వేడి పొగ నేరుగా పలక మీదికే చిమ్ముతోందన్నమాట. ఇలాంటిదానికి ఎంత ఖరీదైన స్టిక్కరు అతికిస్తే మాత్రం ఏం లాభం? కారే పైకప్పు కింద గోడకి సున్నం వేసినట్టు.

ఆయన గాస్కెట్టు మార్చాడు. బుష్షులు కొత్తవి వేశాడు. కంపెనీ సైలెన్సరు మళ్ళీ పెట్టించాడు. ఆ తర్వాతే, పలచటి అల్యూమినియం రేకు ఒకటి కత్తిరించి, పలకకి అంటించకుండా, చిన్న గొట్టాల మీద వేలెడు ఎత్తున నిలబెట్టి బిగించాడు. రేకుకి ఇటూ గాలి, అటూ గాలి. రేకు వేడెక్కినా పలక దాకా ఆ వేడి రాదు. "సిగ్నల్ దగ్గర ఇంజను కట్టెయ్, బేటా" అని మావాడికి ఒక్క మాట చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. మా కాలపు రాగి బాయిలరు చుట్టూ చేతులు కాలకుండా ఇంకో రేకు చుట్టు వుండేది, జ్ఞాపకముందా? అదే పద్ధతి.

ఇంతవరకూ ప్లాస్టిక్కు గొడవ. అది తీరింది. అసలు గొడవ అక్కడే మొదలైంది.

కంపెనీ సైలెన్సరు అటక మీంచి దింపితే దానిమీద వుండాల్సిన చిల్లుల రేకు లేదు. హీటు గార్డు అంటారు దాన్ని. "అది ఏదిరా?" అంటే, "అది కొన్న వారంలోనే తీసేశానమ్మా, బండి మొద్దుగా కనిపిస్తోంది" అన్నాడు. పలకకి మాత్రం లోపలొక రేకు, దానికి గొట్టాలు, ఒక పూటంతా ముసలాయన కష్టం. కాలికి అడ్డంగా కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చిన రేకుకేమో అటక మీద కూడా చోటు లేదు. హవ్వ!

మా ఆడపడుచు కూతురు కోఠి మహిళా కళాశాలలో చదివే రోజుల్లో, స్నేహితురాలి అన్నగారి బండి మీంచి దిగుతూ కుడి పిక్క సైలెన్సరుకి ఆనించింది. ఒక్క క్షణం. అరచెయ్యంత చర్మం పోయింది. ఆ బండబ్బాయి మొదట చేసిన పనేమిటో తెలుసా? జేబురుమాలు తీసి సైలెన్సరు మీద అంటుకున్నదాన్ని తుడుచుకున్నాడుట. పెళ్ళిచూపులనాడు ఆ మచ్చ కనిపించకుండా చీరె కుచ్చెళ్ళు ఇంకాస్త కిందికి కట్టుకోమని వాళ్ళ అత్తయ్యగారు పాఠం చెప్పారు. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఈనాటికీ బండి ఎక్కేటప్పుడు ముందు కుడికాలికేసి చూసుకుంటుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోకండి. 2005లో గ్రీసు దేశపు వైద్యులు ప్రత్యేకంగా ఈ సైలెన్సరు కాలిన గాయాల మీదే అధ్యయనం చేసి ప్రచురించారు. గాయాలు ఎక్కువగా మోకాలి కింద, కుడి కాలికి. మనకి చెప్పాలా? మన బళ్ళలో చాలావాటికి చెయిను ఎడమవైపు, సైలెన్సరు కుడివైపు. చీరె కట్టుకుని పక్కకి కూచునే రోజుల్లో మన కాళ్ళు ఎడమవైపు వుండేవి కాబట్టి చాలామందిమి బతికిపోయాం. ఇప్పుడు పిల్లలు చుడీదార్లలో రెండువైపులా కాళ్ళేసి కూచుంటున్నారు. కూచోవాలి కూడా, అదే భద్రం. కాని ఎక్కుతూ దిగుతూ కుడికాలు ఆ గొట్టం మీదుగానే పోవాలి.

1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో లెక్కగట్టారు. అరవై డిగ్రీల దగ్గర అయిదు సెకన్లు. డెబ్భై దాటితే ఒక్క సెకను కూడా పట్టదు. ప్లాస్టిక్కు వంద డిగ్రీల దాకా వోర్చుకుంటుందని ఇందాక చెప్పాను గదా. రెంటిలో ముందు రేకు అడ్డం పెట్టాల్సింది దేనికి? ఏడో తరగతి పిల్లని అడిగినా చెబుతుంది.

ఇది మన తాతలకి తెలియని విద్యా కాదు. 1946లో ఇటలీలో వెస్పా స్కూటరుకి రూపం ఇచ్చిన కొరాడినో డాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిలంటే గిట్టదు. గౌను తొడుక్కున్న స్త్రీ కూడా సుఖంగా ఎక్కి దిగేటట్టు, బట్టలకి నూనె మరకలు అంటకుండా, ఇంజనుని ఇనపరేకు డబ్బాలో మూసేశాడు. 1972 నుంచి మన రోడ్ల మీద తిరిగిన బజాజ్ చేతక్ ఆ తాతకి పుట్టిందే. కుడివైపు డబ్బాలో ఇంజను, దాన్ని చల్లబరిచే పంకా; ఎడమవైపు డిక్కీ. నేను ముందొక పిల్లనీ, వొళ్ళో ఒక పిల్లాణ్ణీ, కాళ్ళ దగ్గర కందిపప్పు సంచీనీ పెట్టుకుని ఏళ్ళ తరబడి దాని వెనక తిరిగాను. ఎన్నిసార్లు వంచి స్టార్టు చేయించిందో లెక్కలేదు గానీ, ఒక్కనాడూ కాలు కాల్చలేదు. మైసూరులో తయారైన జావా, యెజ్డీలు ఇంకో తీరు. వాటికి రెండుపక్కలా రెండు సైలెన్సర్లు. మా పెదనాన్నగారి జావా వెనక కూచోవాలంటే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ముందే ఆలోచించుకుని ఎక్కాల్సి వచ్చేది.

అంటే నేను చెప్పొచ్చేదేమిటంటే, ఆ స్కూటరు తొడుగు మనిషిని ఇంజను నుంచి కాపాడటానికి పుట్టింది. ఈ కొత్త తొడుగునేమో ఇంజను నుంచి కాపాడటానికి మనుషులు పుట్టారు.

చట్టం సంగతి కూడా చూశాను. వదిలిపెడతానా? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 113వది, పొగ గొట్టం పెట్రోలు గొట్టానికి 35 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా వుండకూడదంటుంది. 123వది మన కోసం పుట్టింది: వెనక కూచునేవాళ్ళు పట్టుకోవడానికి ఒక పిడి వుండాలి, పాదం ఆనించడానికి చోటుండాలి, బట్టలు చుట్టుకోకుండా వెనకచక్రంలో కనీసం సగం మూసివుండాలి. మనం చీరె గార్డు అనేది అదే. పెట్రోలు గొట్టానికి కొలత పెట్టి మరీ దూరం చెప్పారు, చీరెని కాపాడారు, సంతోషం. చీరెలోని కాలు కాలకుండా చూడమని ఆ 123లో ఒక్క ముక్క లేదు. కంపెనీలు తమంతట తాము ఆ చిల్లుల రేకు పెడుతున్నాయంటే వాళ్ళకి వున్న ఇంగితం ఇది రాసినవాళ్ళకి తట్టలేదన్నమాట.

అయినా వున్న నిబంధన మాత్రం ఎక్కడ నిలుస్తోంది? ఒక షోరూములో (పేరెందుకులెండి) మా పిన్ని కొడుకు బండి తీసుకుంటుంటే నేనూ వెళ్ళాను. అక్కడి అబ్బాయి, "చీరె గార్డు తీసేసి ఇవ్వమంటారా సార్? లుక్కు బాగుంటుంది" అని వాణ్ణి అడిగాడు. వెనక కూచోబోయేది నేను. నన్ను అడగలేదు. "మీ అమ్మగారు బండెక్కుతారా బాబూ?" అన్నాను. ఎక్కుతుందట. "ఆవిడ చీరె కడతారా?" కడుతుందట. ఇంకేమీ అడగలేదు, గార్డు వుంచేశాడు.

ఇక జవాబులు విందాం. "చూసుకుని దిగొచ్చుగా" అనేది మొదటిది. సాయంత్రంవేళ చాదర్‌ఘాట్ చౌరస్తాకి ఒకసారి రండి. సిగ్నలు పడగానే బళ్ళు దువ్వెన పళ్ళలా వొత్తుకుని నిలబడతాయి. ఆ సందుల్లోంచే, చంకలో పిల్లాడితో, చేతిలో సంచీతో, పమిట కొంగు పళ్ళ మధ్య పట్టుకుని ఆడవాళ్ళు దాటాలి. వాళ్ళు ఏ బండీ ఎక్కలేదు, దిగలేదు. ఒక్కొక్క బండికీ పిక్క ఎత్తున ఒక్కొక్క నిప్పుకణిక. కట్టుకున్నది పాలియెస్టరు చీరె అయితే బట్ట కరిగి చర్మానికే అతుక్కుంటుంది. ఇందులో ఎన్నింటిని చూసుకుని నడవాలి?

రెండోది "జీన్సు ప్యాంట్లు వేసుకుంటే సరి" అని. మా అత్తగారికి ఎనభై ఒకటి. ఆవిడకి మీరే చెప్పండి. నాలుగేళ్ళ మనవడికి నిక్కరు మాన్పించమని కూడా చెప్పండి. ఇంటి ముందు స్టాండు వేసిన బండి ఎడమకి వొరుగుతుంది గదా, అప్పుడు కుడిపక్క సైలెన్సరు పైకి లేచి సరిగ్గా పసివాళ్ళ మొహానికీ చేతులకీ అందేట్టు వస్తుంది. మా సందులో నేను పెట్టిన రూలు ఒకటే: బండి పెడితే సైలెన్సరువైపు గోడకి వుండాలి. మొదట్లో గొణిగారు. ఇప్పుడు అలవాటైంది.

మూడోది "లుక్కు". దీనికి నా దగ్గర జవాబు లేదు, పోలీసుల దగ్గర వుంది. బండి స్వరూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటోంది. 2019లో చేసిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకీ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పేపర్లలో మీరూ చూసేవుంటారు. అది చప్పుడు కోసం, కాళ్ళ కోసం కాదు. అయినా ఆ ఫొటో వచ్చినప్పుడల్లా నేను మావాడి కంచం పక్కన పెడుతున్నాను.

మాటల్లో పడి ముఖ్యమైనది మరిచిపోతానేమో. ఎవరికైనా కాలితే వెంటనే కొళాయి కింద పెట్టి ఇరవై నిముషాలు చల్లటి నీళ్ళు పోనివ్వండి. గడియారం చూసుకుని మరీ ఇరవై. మంచుగడ్డ వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న, ఇడ్లీపిండి, ఏవీ వద్దు. పక్కింటివాళ్ళు ఎంత ప్రేమగా తెచ్చి ఇచ్చినా వద్దు. బొబ్బని చిదపకండి. బట్ట అతుక్కుంటే లాగకండి. పసిపిల్లలైనా, గాయం అరచేతి కంటే పెద్దదైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక బండి కొనబోయే ఇళ్ళవాళ్ళకి. మైలేజీ ఎంత, రంగేది, వాయిదా ఎంత అనేవి వాళ్ళు అడుగుతారు. మీరు సైలెన్సరు దగ్గరికి వెళ్ళి వొంగి చూడండి. రేకు వుందా, ఆ రేకుకీ గొట్టానికీ మధ్య వేలు పట్టే సందు వుందా, వెనక కూచున్నవాళ్ళు దిగేచోటుకి అది అడ్డంగా వస్తోందా అని. మీ చెక్కు, మీ గొలుసు తాకట్టు, మీ చీటీ డబ్బు అందులో వున్నప్పుడు వొంగి చూడటానికి సిగ్గెందుకు?

మావాడి సైలెన్సరుకి గార్డు కోసం పుత్లీబౌలీలో ఒక సామాన్ల కొట్టుకి నేనే వెళ్ళాను. తొడుగులకి అతికించే వెండి రేకులు ఎన్ని రకాలో చూపించాడు: పలచటివి, మందపువి, గళ్ళవి, బంగారు రంగువి కూడా. హీటు గార్డు మాత్రం లేదన్నాడు.

"ఎవరూ అడగరమ్మా" అన్నాడు.

"నేను అడుగుతున్నానుగా" అన్నాను.

శనివారం రమ్మన్నాడు. వెళ్ళాను. రెండు తెప్పించాడు, ఒకటి నాకు, ఒకటి ఇంకెవరైనా అడుగుతారేమోనని. రెండూ కొనేశాను. రెండోది పక్కింటి పిన్నిగారి అల్లుడి బండికి సరిపోయింది. నాలుగు స్క్రూలు, పది నిముషాల పని. ఇంకో నాలుగు తెప్పించమని కొట్టువాడికి చెప్పి వచ్చాను.